ఎడమ చెవిపై బహిరంగ గోప్యతా ప్రకటన

ఒక విషయం రహస్యంగా ఉండాలంటే, అది రహస్యమని ముందు అందరికీ తెలిసి తీరాలి. సుపరిపాలన అంతా ఈ పునాది మీదే నిలబడి ఉంది. కైరోలో న్యాయశాస్త్రం బోధించే డాక్టర్ షాహీనాజ్ లబీబ్‌కు ఈ సంగతి యాభై ఎనిమిదో ఏట గానీ బోధపడలేదు.

ఇరవై ఏళ్లుగా ఆవిడ పొద్దున పేటెంట్ల పాఠం చెబుతున్నారు: హక్కు కావాలంటే కనిపెట్టినదాంట్లో ఏదీ దాచకూడదు. మధ్యాహ్నం గోప్యత పాఠం: మనిషికి తన సంగతులు దాచుకునే హక్కుంది. రెండింటినీ మనసారా నమ్మారు. (మధ్యలో భోజన విరామం ఉండటంతో ఇబ్బంది రాలేదు.)

చివరికి తనే ఒకటి కనిపెట్టారు. ఆస్పత్రి చీటీ చూసి రోగి ఎవరో పోల్చుకోలేకుండా చేసే పద్ధతి అది. ఎవరి మీద పరీక్షించారో రాయాలంది పేటెంటు దరఖాస్తు. పొద్దుటి పాఠం ఒంటబట్టిన మనిషి కదా, దాచకుండా రాసేశారు: నా మీదే, నా ఆస్పత్రి చీటీతోనే; నా ఎడమ చెవి వినపడదు గనుక.

ఆ చెవి సంగతి కాలేజీలో ఎవరికీ తెలియదు. తెలిస్తే పాఠాలు మాన్పించి లైబ్రరీ కమిటీలో కూర్చోబెడతారు. పాఠం చెప్పకుండా బతకడం ఆవిడ వల్ల కాదు. అందుకే దరఖాస్తు గెజిట్‌లో అచ్చయ్యేలోగా ఆ వాక్యం తీయించాలని వ్యక్తిగత రహస్యాల పరిరక్షణ కార్యాలయానికి పరుగెత్తారు.

అక్కడి గుమాస్తా మేడమ్ ఫిక్రియా, కూరకని ములూఖియా ఆకు దూస్తూనే అర్జీ చదివింది.

"నలభై రోజులు నోటీసు అంటించాలి, దక్తూరా. జనానికి అభ్యంతరాలుంటే చెప్పుకోవద్దూ?"

"నోటీసులో ఏం రాస్తారు?"

"ఏది రహస్యమో అది. లేకపోతే దేన్ని తెలుసుకోకూడదో జనానికెలా తెలుస్తుందమ్మా?"

షుబ్రా పేటలో ఆవిడ ఉండే భవనం గుమ్మానికి నోటీసు అంటించారు. తర్వాత తనిఖీ అధికారి వచ్చి, ఇది నిజంగా రహస్యమేనా అని వాచ్‌మన్ బషందీ మామను వాకబు చేశాడు.

"నికార్సయిన రహస్యం సారూ," అన్నాడు బషందీ మామ. "ఇస్త్రీవాడి దగ్గర్నుంచి చిలగడదుంపల బండివాడి దాకా ఈ వీధిలో అందరికీ తెలుసు. ఎవరైనా పైకి అన్నామా?"

అధికారి సంతృప్తి చెంది, అభ్యంతరం లేదన్న పత్రం కోసం కాలేజీకి నోటీసు నకలు ఒకటి పంపాడు (తొమ్మిదో నిబంధన). పద్నాలుగు మంది సభ్యుల పాలకమండలి ఆ చెవి గురించి రెండు గంటలు కూలంకషంగా చర్చించి, అది రహస్యంగా ఉండటానికి తమకు అభ్యంతరం లేదని ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఉత్తర్వు వచ్చింది. ఇకపై ఆ చెవి సంగతి ఎవరూ ఎవరితోనూ ప్రస్తావించరాదు. గెజిట్‌లో ఆ వాక్యం స్థానంలో ఖాళీ వదిలారు. షాహీనాజ్ ఆ రోజు ఇంటికి బస్బూసా మిఠాయి కొనుక్కెళ్లారు.

కొత్త టర్ము పట్టికలో ఆవిడ తరగతులు రెండూ లేవు. కారణమేమిటని రిజిస్ట్రార్‌ను అడిగారు. ఆయన కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి, ఆవిడ కుడి పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"చెప్పడానికి వీల్లేదు, దక్తూరా," అన్నాడు, కాస్త గట్టిగా. "రహస్యం."