పోషకాహార సేవకు అంతం దొరికిన వైనం

మా విశ్వవిద్యాలయం ఆహార, పోషణ విజ్ఞానాన్ని జనం గుమ్మాల్లోకి మోసుకెళ్లడం మొదలుపెట్టి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా మంత్రిగారు ఒక గొప్ప ప్రకటన చేశారు. "ఈ మహత్తర సేవకు ఆది నుంచి అంతం దాకా సమగ్రమైన చరిత్ర రాయించండి. ఆవిష్కరణకు నేనే వస్తాను" అన్నారు. చప్పట్లు మోగాయి. విస్తరణ విభాగం టైపిస్టుగా ఆ మాటల్ని పొల్లుపోకుండా రాసుకునే భాగ్యం నాకే దక్కింది.

మర్నాడే మా డైరెక్టరుగారు చరిత్ర రచనా సంఘం వేశారు. ఆది సులువుగానే దొరికింది. తొలి ప్రొఫెసరుగారు తెర కట్టి, ప్రొజెక్టరు పెట్టి, విటమిన్ల మీద మూడు గంటలు ఉపన్యసించారట. కరెంటు పోయినా ఆపలేదట. ఆ తర్వాత మైకు కట్టిన వ్యాను వచ్చింది. ఇప్పుడది క్యాంటీను వెనక చక్రాల్లేకుండా విశ్రాంతి తీసుకుంటోంది. ఆపైన రేడియో ప్రసంగాలు, గోడ పోస్టర్లు, ఆ పోస్టర్లు ఎందుకు చిరిగాయన్న దాని మీద సదస్సు. అన్నీ వాటంతటవే ముగిసి చరిత్రకారులకు ఎంతో సహకరించాయి.

చిక్కల్లా అంతం దగ్గర వచ్చింది.

"మంగళవారం క్లాసు ఇంకా నడుస్తోందండీ" అన్నాడు సూపరింటెండెంటు, తప్పంతా తనదే అయినట్టు.

"ఇంకానా? ఎవరు నడుపుతున్నారు?"

"తూకం అక్కయ్యండీ. ఫ్యాక్టరీ వెనక లైను ఇళ్లలో తల్లులకి వంట చూపిస్తుంది. పిల్లల్ని తూస్తుంది."

"నడపమని ఎవరు చెప్పారు?"

"మనమేనండీ. ఆపమని ఎవరూ చెప్పలేదు, అంతే."

డైరెక్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మంత్రిగారి నోట అంతం అన్న మాట వచ్చాక, పుస్తకంలో అంతం లేకపోతే ఎవరి ఉద్యోగానికి ఎసరు పెడతారో ఆయనకు తెలుసు. "అయితే ఈ నెలాఖరుకి ముగిద్దాం. కారణం, లక్ష్యం నెరవేరిందని వెయ్యి" అన్నారు నాతో. అంత గొప్ప లక్ష్యం అంత తొందరగా నెరవేరడం నేనెప్పుడూ చూడలేదు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పుకోవాలి. మేమూ ఆ లైన్లలోనే ఉంటాం. ఆ క్లాసుకి వెళ్లే పిల్లల్లో మా పాప కూడా ఉంది. పది నెలలది, ఆరు కిలోల వంద గ్రాములు. ముద్ద నోట్లో పెడితే ఉమ్మేసేది. తూకం అక్కయ్య మా ఆవిడ పక్కన కూచుని, ఆకుకూర ఎంత మెత్తగా ఉడకాలో, గుడ్డు ఎంత మెదపాలో చేత్తో చూపించాక, మూడు వారాలుగా వారానికో వంద గ్రాములు ఎక్కుతోంది. మా ఇంట్లో మంగళవారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవాళ్లం. ఆ క్లాసు ఆపే ఆర్డరు నేనే టైపు చేయాల్సి వచ్చింది. అయినా తప్పుల్లేకుండానే చేశాను.

ఇంట్లో చెబితే మా ఆవిడ చెంచా కింద పెట్టేసింది.

"మరి పాపని ఎక్కడ తూయించాలి? ఇకమీదట ఏం తినిపించాలో ఎవర్ని అడగాలి?"

"లక్ష్యం నెరవేరిందటే."

"ఎవరిది?"

"విభాగానిది."

"మరి దీనిది?" అంది పాపని చూపిస్తూ.

మర్నాడు తూకం అక్కయ్య రిజిస్టరు చంకన పెట్టుకుని డైరెక్టరుగారి గదికి వచ్చింది. "సార్, పదకొండు మంది పిల్లలు బరువు చాలక ఇంకా ఎర్రగీత కిందే ఉన్నారు. లక్ష్యం ఎలా నెరవేరింది సార్?"

డైరెక్టరుగారు పేజీలు తిప్పి చూసి నిజంగానే నొచ్చుకున్నారు. "అవునమ్మా! చరిత్ర ఒకటీ రిజిస్టరు ఒకటీ చెబితే మంత్రిగారు ఏమనుకుంటారు? తెచ్చి మంచిపని చేశావు" అని దాన్ని నా బల్ల మీదికి పంపారు, చరిత్రకు అనుగుణంగా శుభ్రమైన ప్రతి తీయమని.

ఆ మధ్యాహ్నం పదకొండు మంది పిల్లలూ గీత దాటారు. యాభై ఏళ్లలో ఏ ప్రొఫెసరూ సాధించలేనిది టీ టైములోపు నేను సాధించాను. ఏడో వరుసలో మా పాప పేరు వచ్చినప్పుడు మాత్రం చేతులు ఆగిపోయాయి. సూపరింటెండెంటు నా భుజం మీదుగా తొంగిచూశాడు. "ఎనిమిది కిలోల ఆరు వందలు వెయ్యవయ్యా. సొంత బిడ్డ దగ్గర పిసినారితనమెందుకు?" అన్నాడు. వేశాను.

క్లాసు ఆగిన నెలకి ఆవిష్కరణ సభ ఘనంగా జరిగింది. మంత్రిగారు పుస్తకం చివరి పేజీ చదివి కళ్లొత్తుకున్నారు. "బక్క బిడ్డన్నది లేకుండా చేశాం!" అన్నారు. అంతలో మూడో వరుసలోంచి మా ఆవిడ పాపనెత్తుకుని లేచింది.

"అయ్యా, మంగళవారం క్లాసు మళ్లీ పెట్టించండి. అది ఆగాక మా పాప మళ్లీ తగ్గిపోయింది. ఎత్తుకుంటేనే తెలుస్తోంది."

డైరెక్టరుగారు పరుగున వెళ్లి రిజిస్టరు విప్పి, ఏడో వరుస చూపించారు. మంత్రిగారు అది చదివి చిరునవ్వుతో చేతులు చాచారు.

"ఇలా ఇవ్వమ్మా."

పాపని అందుకోగానే ఆయన చేతులు అమాంతం కిందికి దిగిపోయాయి. మోకాళ్లు వంగాయి. "అమ్మో! ఎనిమిదిన్నరకి పైమాటే!" అన్నారు రొప్పుతూ. గన్‌మన్ ముందుకొచ్చి ఓ చెయ్యి ఆసరా ఇచ్చాడు. డైరెక్టరుగారు రెండో పక్క పట్టారు. ఫొటోగ్రాఫరు ముగ్గుర్నీ కలిపి తీశాడు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. గోడ పక్కన నిలబడ్డ తూకం అక్కయ్య ఒక్కతే చేతులు కట్టుకుని ఉండిపోయింది.

సభ ముగిశాక డైరెక్టరుగారు పాపని నాకు అందిస్తూ, "జాగ్రత్తయ్యా, బరువు" అన్నారు. మా ఆవిడ నా చేతులకేసే చూస్తోంది. మంత్రిగారు ఇంకా కారెక్కలేదు.

నేను మోకాళ్లు వంచాను.