సమరశీల మునిరత్నమ్మ

తెలుగు మాట్లాడే ఆ కర్ణాటక పల్లెలో ఆ ఉదయం మునిశామప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. డెయిరీకి పాలు పోసి వచ్చి, కాఫీ తాగుతూ కాసేపు ఎవరి మాటా వినకుండా కూర్చోవాలి. పెళ్ళయినప్పటి నుంచీ తీరని కోరిక అదొక్కటే. ఈ రోజు నుంచి అది రోజూ తీరేటట్టుంది. వానకు కారే డెయిరీ రేకులు మార్చేదాకా ఊళ్ళో ఎవరికీ కునుకు పట్టనివ్వని ఆయన భార్య మునిరత్నమ్మను మధ్యాహ్నం సన్మానించి, డెయిరీకి అధ్యక్షురాలిని చేస్తున్నారు. ఇక ఆమె పోట్లాటలన్నీ అక్కడే.

గ్లాసు నోటిదాకా వచ్చేసరికి మునిరత్నమ్మ వీధిలోంచి వచ్చింది.

"ఇదో, డెయిరీ ముందర కన్నడంలో ఫ్లెక్స్ కట్టిండారు. 'సమరశీల మునిరత్నమ్మ' అంట. అంటే ఏమి?"

అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక ఉండాలి. విసిగిపోయిన మునిశామప్పకు అది లేదు.

"సమరమంటే యుద్ధం. శీలమంటే గుణం."

"రెండూ కలిపితే?"

"జగడాలకు పోయే గుణం."

ఆయన గ్లాసు కింద పెట్టేలోగా ఆమె డెయిరీకి చేరింది. ఫ్లెక్స్ రాయించిన కార్యదర్శి పురుషోత్తమ్ అక్కడే దొరికాడు.

"నేను యాడ జగడమాడినానప్పా? ఎవురితో ఆడినా? చెప్పు!"

"పొగిడిండాము కదమ్మా! పోరాడే మనిషి అని అర్థం."

"రేకుల కోసరం మాతో ఆడితివి కదమ్మా," అని పాల క్యానుతో పోతున్న ఆదెప్ప గుర్తు చేశాడు. ఆమె ఆయన వైపు తిరిగిన తీరుకు క్యాను బోర్లా పడింది. పాలు పారాయి. జనం పోగయ్యారు.

"శాంతశీల అని మారుస్తాములేమ్మా," అన్నాడు పురుషోత్తమ్.

"అంటే ఇన్నాళ్ళూ నాకు శాంతం లేదనా?"

ఆయాసపడుతూ వచ్చిన మునిశామప్ప బతిమాలాడు. "మాట మంచిదే. నేనే తప్పు చెప్పినా. ఇంటికి రా."

"మొగుడే అన్నాక ఊరు అనదా?"

మధ్యాహ్నం సభలో ఆమె మైకు అందుకుంది. "నాకు జగడాలొద్దు, అధ్యక్షతా వద్దు. ఇంట్లోనే ఉంటా. ఎప్పుడూ నోరెత్తని మనిషి మా ఆయన. ఆయన్నే చేయండప్పా."

చప్పట్లు మోగాయి. వద్దని చెప్పడానికి మునిశామప్ప నోరు తెరిచాడు. అలవాటు లేని పని కావడంతో మాట బయటికి వచ్చేలోగా అందరూ సరేనని చేతులెత్తారు.

పక్కనున్న పేరేసంద్ర ఊరికి పోయి కొత్త ఫ్లెక్స్ వేయించడానికి వ్యవధి లేదు. 'ముని' ఎలాగూ ఉంది కనుక 'రత్నమ్మ' మీద 'శామప్ప' అని రాసిన కాగితం అంటించారు. ముందున్న మాట జోలికి ఎవరూ పోలేదు.