సరుకుల చీటీకి వెనకవైపు

ఆ పొద్దున మల్లికార్జున మాస్టారి కోరిక ఒక్కటే. మధ్యాహ్నం తనిఖీకి వచ్చే ఆఫీసరమ్మ ముందు పాఠం బాగా చెప్పి, పదకొండేళ్ల రెంటచింతల ఎండ నుంచి ఇల్లున్న సొంతూరు నరసరావుపేటకు బదిలీ సంపాదించాలి. పాఠం, కోరికను తెలిపే క్రియలు. పది ఉదాహరణలు రాసి బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్లారు. వచ్చేసరికి కాగితం లేదు. వెతికే వేళ లేక రోజూ వెళ్లే రెంటచింతల బస్సెక్కారు.

ఆ ఇంట్లో ఒకవైపు ఖాళీగా ఉన్న ప్రతి కాగితమూ సరుకుల చీటీ అయిపోతుంది. భార్య వనజ ఎప్పటిలాగే ఖాళీవైపు కందిపప్పు, చింతపండు రాసి కొట్లో ఇచ్చి వచ్చింది. కొట్టు యజమాని పాండురంగారావు సరుకులు కడుతూ చీటీ తిప్పి చూసి, వెంటనే ఫోన్ చేశాడు.

"అక్కా, బావగారికేమైంది? 'బడికి పోవాలని లేదు, ఎవరితోనూ మాట్లాడాలని లేదు, ఎటైనా వెళ్లిపోవాలని ఉంది' అని రాశారేంది?"

వనజ భర్తకు ఫోన్ చేసింది. తనిఖీ కాబట్టి అది స్విచాఫ్‌లో ఉంది. ఆమె కొట్టుకు పరుగెత్తి చీటీ లాక్కుంది. పాండురంగారావు ఆమెను ఎక్కించుకుని సరుకుల వ్యాన్ తీశాడు.

అక్కడ పాఠం బ్రహ్మాండంగా సాగుతోంది. "నాకు తాటిముంజలు తినాలని ఉంది సార్!" అని ఓ పిల్ల అరిస్తే ఆఫీసరమ్మ కూడా నవ్వింది. మాస్టారు మనసులో అప్పటికే నరసరావుపేట చేరిపోయారు. అప్పుడే వనజ తలుపు తోసుకుని లోపలికొచ్చింది.

"మీకు నేనేం తక్కువ చేశానండీ?" అంటూ కాగితం చూపించింది.

"ఏమే, అవి ఉదాహరణలే!"

"పదిట్లో ఒక్కటన్నా మంచిది రాయొచ్చుగా? మా ఆవిడతో సినిమాకి పోవాలని ఉంది అంటే మీ సొమ్మేం పోయింది?"

మాస్టారు కాగితం మళ్లీ చదువుకున్నారు. పదీ నిజాలే. తనకింత బాధ ఉందని ఆయనకే ఇప్పుడు తెలిసింది. ఏడుపు ముంచుకొచ్చింది, పిల్లల ముందు ఆపుకోలేకపోయారు.

ఆఫీసరమ్మ మనసు కరిగిపోయింది. "చానా బాగా చెప్పారు మాస్టారూ, బదిలీకి మీ పేరే రాద్దామనుకున్నా. కానీ ఈ పరిస్థితిలో మీకు కొత్త బడి వద్దు. ఇక్కడే ఉండండి, ఈ పిల్లలంతా మీకు అలవాటు. అమ్మా, ఈయన్ని ఒంటరిగా వదలమాకండి."

"ఇంకెందుకు వదుల్తానమ్మా? ఇక్కడికే వచ్చేస్తా," అంది వనజ.

సాయంత్రానికి పాండురంగారావు బడి పక్కనే ఒక రేకుల ఇల్లు అద్దెకు కుదిర్చి, కందిపప్పు, చింతపండు అందులోనే దించాడు.

మర్నాడు మాస్టారు పిల్లలకు భూతకాలం మొదలుపెట్టారు.