ప్రతి ఐదో ఇల్లు

శనివారం పొద్దున్నే రక్తపోటు చూసే మిషను సంచిలో పెట్టుకుని దీవెన ఇంట్లోంచి బయలుదేరింది. బయోస్టాటిస్టిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్న ఆ అమ్మాయి, ఎండుచేపలు తినేవాళ్ళ రక్తపోటు మీద పరిశోధనకు సొంత ఊరు కళింగపట్నాన్నే ఎంచుకుంది. వాళ్ళ చర్చి సంఘంలో రెండు వందల ఇళ్ళున్నాయి. ప్రతి ఐదో ఇంట్లో పెద్దావిడకు పరీక్ష చెయ్యాలి. నలభై మంది వివరాలు సోమవారానికి అందకపోతే ఈ ఏడాది థీసిస్ ఇవ్వడం కుదరదని గైడు ఖండితంగా చెప్పారు.

నాలుగో ఇల్లు మేనత్త దానమ్మది. ఆవిడ గుమ్మంలో కూర్చుని చేపలకు ఉప్పు రాస్తోంది. దీవెన ఆవిడను చూసి నవ్వి, పక్కింటి సుహాసిని గుమ్మం ఎక్కబోయింది.

“ఆగే. నా గుమ్మం దాటి ఎక్కడికెల్తన్నావు?”

“లెక్క ప్రకారం ఐదో ఇల్లే అత్తా. మీది నాలుగోది.”

“పెళ్ళి పిలుపుకొచ్చినోళ్ళు కూడా ఇల్లు దాటీసి ఎల్లరు. మీ బాబుకి తోడబుట్టిన అప్పని నేనా, సుహాసినా? సెప్పు.”

సుహాసిని వెంటనే తలుపు వేసుకుంది. “దానమ్మప్పని కాదని నేనెలా సెయ్యి సాపుతానమ్మా?” అంది లోపల్నుంచి.

మధ్యాహ్నానికి ఐదో ఇళ్ళన్నీ అలాగే ఇరుగుపొరుగుకు జడిసి మూతపడ్డాయి. సాయంత్రం మిగిలిన ఇళ్ళవాళ్ళు దీవెన తండ్రి, సంఘపెద్ద సుందరరావు మీదికి వచ్చారు. తన పార్టీవాళ్ళ ఇళ్ళే ఏరి కూతురికి రాసిచ్చాడని వాళ్ళ అభియోగం.

సుందరరావు బైబిలు తెరిచాడు. “అపొస్తలులు కూడా సీటీలేసే పన్నెండోవాడిగా మత్తీయని ఎంచుకున్నారు.”

“అందర్నీ కూకోబెట్టి ఏసినారు. నీ కూతురిలాగ పెన్నుతో గీసుకోలేదు,” అంది దానమ్మ.

అదీ నిజమే అనిపించిందాయనకు. గైడు కూడా ఫోనులో చీట్లకు సరేనన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ఎదుటా రెండు వందల చీట్లలోంచి నలభై తీశారు. మొదటి చీటీ దానమ్మదే. ఆవిడ దాన్ని నలుగురికీ ఎత్తి చూపించి, బొడ్లో దోపుకుంది.

మధ్యాహ్నం దీవెన మిషనుతో వెళ్ళేసరికి, అత్త ఇంటి అరుగు మీద చీటీ రాని పొరుగావిడ గ్లోరీ కూర్చుని ఉంది. చేతిలో దానమ్మ చీటీ.

“నాకేటైనాది? రాయిలాగున్నాను. దీనికి వారం బట్టి తల తిరుగుతన్నాదట. ఇచ్చీసినాను,” అంది దానమ్మ.

“ఎవరడిగారత్తా ఇమ్మని? నా చదువంతా ఆ చీటీల మీదే ఉంది.”

“తల తిరిగినదాన్నొగ్గీసి నన్ను సూడమంటాదా నీ సదువు? అదేటి సదువే?”

దీవెన ఒళ్ళు మండుతూనే మిషను పట్టీ గ్లోరీ చేతికి చుట్టింది. గ్లోరీ రక్తపోటు నూట తొంభై ఉంది. సుందరరావు ఆమెను ఆటోలో శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. సమయానికి తెచ్చారన్నారు డాక్టరు. ఆ కబురు విన్నాక మిగతా చీటీలూ కదిలాయి. సాయంత్రానికి నలభైలో ముప్పై ఆరు చీటీలు ఊళ్ళో నలతగా ఉన్నవాళ్ళ చేతుల్లోకి చేరాయి.

సోమవారం దీవెన జరిగింది జరిగినట్టే చెప్పింది. రోగుల్నే ఏరినట్టయింది, ఆ లెక్కలు పనికిరావన్నారు గైడు. తర్వాత ఆరు నెలల గడువిచ్చి, ఈసారి చుట్టాలు లేని ఊరు చూసుకోమన్నారు. జిల్లాలో అలాంటి ఊరి కోసం ఆమె ఇంకా వెతుకుతోంది.