తోడల్లుడి టైరు నంబరు

ఆ ఆదివారం ఉదయం సూర్యప్రకాశరావు పెట్టుకున్న పని ఒక్కటే. అశోక్‌నగర్‌లోని తన ఇంటి నుంచి అత్తగారు అరుంధతమ్మను తన ఎర్ర స్పోర్ట్స్ కారులో తీసుకెళ్లి, అంబర్‌పేట్‌లో తోడల్లుడు కాశీవిశ్వనాథం ఇంటి ముందు దించాలి. అక్కడ ఆయన కూతురి ఓణీల ఫంక్షన్. రెండేళ్లుగా ఏ శుభకార్యానికైనా ఆవిడ పెద్దల్లుడి తెల్లకారులోనే వెళ్లింది. ఈసారి చిన్నల్లుడికి మాటిచ్చింది. బ్యాంకులో ఆఫీసరు, కాలనీ సంఘానికి కార్యదర్శి, తొంభై ఆరులో స్పోర్ట్స్ కారు కొన్న మనిషి ఇంకెంత కాలం రెండో అల్లుడిగా పడి ఉండాలి?

కారు హైదర్‌గూడలో సెకండ్‌హ్యాండ్‌కి దొరికింది. చూడ్డానికి వచ్చిన కాశీవిశ్వనాథం కాఫీ తాగి, "స్పోర్ట్స్ కారంటే నేలని కరుచుకుని ఉండాలి రావుగారూ. ఇదేంటి, ఆటోలా నిలబడింది!" అన్నాడు. ఇంటికొచ్చి, కాఫీ తాగి, అనాల్సిన మాటేనా అది? రావుకి ఒళ్లు మండిపోయింది. తాళాలు పడిపోయినట్టు నటిస్తూ తెల్లకారు పక్కన వంగి, టైరు మీద వెడల్పు అంకె చదివాడు. 165. తన టైరు మీద 145.

ఏ కారుకి ఎంత వెడల్పు టైరు వెయ్యాలో, ఎంత ఎత్తు స్ప్రింగులు ఉండాలో కంపెనీవాళ్లు లెక్కలు కట్టి పుస్తకంలో రాసిస్తారు. తోడల్లుడున్న మనిషి ఆ పుస్తకం తెరవడు. రావు తిన్నగా నారాయణగూడ మెకానిక్ దగ్గరికి వెళ్లి 185 టైర్లు వెయ్యమన్నాడు. స్ప్రింగులు కోసి, కారు పొట్ట నేలకి అయిదు వేళ్ల ఎత్తులో ఉండేలా దించమన్నాడు.

"స్టీరింగ్ మొత్తం తిప్పితే టైరు బాడీకి రాసుకుంటది సార్," అన్నాడు మెకానిక్. "తిప్పకుంటే ఏం పరేషాన్ లేదు."

ఆదివారం ఉదయం అత్తగారు ముందు సీట్లోనూ, భార్య వేదవతి ఒళ్లో లడ్డూల గుండిగతో వెనకసీట్లోనూ కూర్చున్నారు. గేటు ముందు గల్లీలోనే నిలబెట్టిన కారు పది గజాలు వెళ్లింది. ఎదురుగా స్పీడ్ బ్రేకర్. ఏటవాలుగా ఎక్కిద్దామని రావు స్టీరింగ్ తిప్పబోతే టైరు బాడీకి రాసుకుని కర్రుమంది. చేసేది లేక నేరుగా పోనిచ్చాడు. ముందు చక్రాలు దాటాయి. కారు పొట్ట బ్రేకర్ మీద కూర్చుండిపోయింది. ఎక్సలరేటర్ తొక్కితే చక్రాలు ఉన్నచోటే తిరిగాయి.

పక్కింటి విద్యాసాగర్ పరుగున వచ్చాడు. "పెద్దమ్మా, మీరు జర దిగుండ్రి. బండి తేలికైతది."

"అంటే నా బరువుకే ఆగిందంటావా?" అంది అరుంధతమ్మ. "ఇప్పుడు దిగితే ఆ మాట నిజమైపోతుంది. నేను దిగను!"

ఆవిడ కదల్లేదు. వేదవతి ఒక్కతే ఎలాగో బయటపడి, అక్కకి ఫోన్ చెయ్యడానికి ఇంట్లోకి పరిగెత్తింది. ఈలోగా కారు వెనక రెండు ఆటోలు, పాలవ్యాను, చిక్కడపల్లి నుంచి కూరలు తెస్తున్న స్కూటర్లు ఆగిపోయి హారన్లు మోగించాయి. రావుకి సహనం చచ్చిపోయింది.

"ఇంతెత్తు బ్రేకర్ వేయించినవాడికి బుద్ధుందా అసలు? మనుషులు తిరగొద్దా? తవ్వి పారెయ్యండి!"

హారన్లు ఆగిపోయాయి. అందరూ ఆయన వంకే చూశారు.

"రావు సాబ్, ఏపిచ్చింది మీరే గద," అన్నాడు విద్యాసాగర్. "కాంట్రాక్టరు జరంత ఏస్తే, అప్పడం లెక్క ఉన్నదని కొట్లాడి ఇంకో రెండు గంపలు పోయించిన్రు."

"అది వేరేవాళ్ల బళ్ల కోసమండీ!" అని అరిచాడు రావు.

ఏడాదిగా ఆ బ్రేకర్ మీద నడుములు విరగ్గొట్టుకున్న జనానికి ఆ ఒక్క మాట చాలింది. సెక్రటరీగారే తవ్వమన్నాక ఆగుతారా? ప్రతి ఇంటి నుంచీ గడ్డపార వచ్చింది. పెళ్లిపందిరికి గుంటలు తీసినంత ఉత్సాహంగా తవ్వారు. కాసేపటికి బ్రేకర్ కంకరై, కారు దభీమని నేల మీదికి దిగింది. రావు స్టార్ట్ చేసి నాలుగడుగులు ముందుకి పోనిచ్చి, గెలిచినవాడిలా అత్తగారి వైపు తిరిగాడు.

సరిగ్గా అప్పుడే తెల్లకారు గల్లీలోకి వచ్చి, బ్రేకర్ లేని రోడ్డు మీద జుమ్మని దూసుకొచ్చి పక్కనే ఆగింది.

"రండి అత్తయ్యగారూ, ముహూర్తం దగ్గర పడింది," అన్నాడు కాశీవిశ్వనాథం.

అరుంధతమ్మ తలుపు తీసుకుని చులాగ్గా దిగింది. "బండి కదిలింది కదా. ఇప్పుడు దిగితే తప్పులేదు."

"అత్తయ్యగారూ! మాటిచ్చారు!" రావు కారు దిగి అడ్డం వెళ్లాడు.

"ఎక్కుతానని మాటిచ్చాను, ఎక్కాను. తీసుకెళ్తానన్నది మీరు," అని ఆవిడ తెల్లకారులో కూర్చుంది. వేదవతి కూడా గుండిగతో సహా అక్కడే సర్దుకుంది. రావుకి కళ్లనీళ్ల పర్యంతమైంది. ఆఖరి ఆశగా తోడల్లుడిని ఆపాడు.

"అన్నయ్యగారూ, కనీసం నా టైరు మీద నంబరైనా చూడండి!"

కాశీవిశ్వనాథం ఆశ్చర్యపోయాడు. "టైర్ల మీద నంబర్లుంటాయా?"

సోమవారం సూర్యప్రకాశరావు సంఘం తరఫున కొత్త స్పీడ్ బ్రేకర్ కోసం మున్సిపల్ ఆఫీసులో అర్జీ పెట్టాడు. ఎత్తు నాలుగు వేళ్లకి మించకూడదని ఈసారి స్పష్టంగా రాశాడు.