బిట్టుకు గేట్ పాస్

శనివారం పొద్దున సైమన్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. బిట్టును నానక్‌రామ్‌గూడలోని కుక్కల సెలూన్‌లో దింపాలి, పక్కనే టీ తాగాలి, పన్నెండుకల్లా కోకాపేటలో ఇల్లు చేరాలి. బిట్టు వైర్ టెర్రియర్. ఆ జాతి కుక్కలకు చచ్చిన వెంట్రుకల్ని చేత్తో పీకాలట. "నొప్పి పుడుతుందండీ" అని భార్య రాహేలు ఏడాదిగా పీకనివ్వలేదు. దాంతో బిట్టు కళ్లెక్కడున్నాయో బిస్కెట్టు చూపిస్తేగానీ తెలిసేది కాదు. ఆమె ఆసుపత్రి డ్యూటీకి వెళ్లగానే సైమన్ చెప్పాపెట్టకుండా బయలుదేరాడు.

మధ్యాహ్నం సెలూన్ ఉమాశ్రీ అప్పగించిన కుక్కకు కళ్లున్నాయి, కనుబొమ్మలున్నాయి, నడుము కూడా ఉంది.

"ఇది మాదేనా?" అన్నాడు సైమన్.

"మీదేనండీ. ఇవాళ ఈ జాతివి వచ్చినవే రెండు."

అపార్ట్‌మెంటు గేటు దగ్గర సెక్యూరిటీ పెంటయ్య ఆపాడు. ఫోనులో బిట్టు పాస్ తీసి, కుక్కను చూసి, మళ్లీ ఫోను చూశాడు.

"సార్, జర ఆగుండ్రి. ఫొటోల గిట్ల లేదు."

"జుట్టు తీయించాను పెంటయ్యా."

"అయ్యుండొచ్చు సార్. పాస్ లేని కుక్క మెహమాన్ లెక్క. మేడం ఒప్పుకోవాలె."

పాస్ రాహేలు పేరు మీద ఉంది. వార్డులో ఆమె ఫోను మోగింది. 'మీ ఇంటికి అతిథి: కుక్క.' ఫొటోలో ఎవరిదో సన్నటి కుక్క. వద్దని నొక్కి, సైమన్‌కు ఫోన్ చేసింది.

"మన బిట్టు ఏదండీ?"

"నా దగ్గరే ఉంది... అనుకుంటున్నా." సంగతంతా చెప్పాడు.

"పీకితే జుట్టు పోతుంది గానీ మొహం మారిపోతుందా?"

రాహేలు పర్మిషన్ పెట్టి పరుగున వచ్చింది. కుక్కను మార్చి ఇచ్చావంటూ దారిలోనే ఉమాశ్రీని ఫోనులో కడిగేసింది. ఉమాశ్రీ బెదిరిపోయి, ఇంకా జుట్టు తీయని రెండో కుక్కను ఆటోలో వేసుకుని వచ్చింది. దాన్ని చూడగానే పెంటయ్య గేటు తీశాడు.

"గిదీ బిట్టంటే!"

రాహేలు దాన్ని వాటేసుకుంది. సైమన్ రెండింటినీ మార్చి మార్చి చూశాడు. ఉమాశ్రీ గొంతు తగ్గించింది. "స్నానానికని బెల్టులు తీసి ఒకే బుట్టలో వేశానమ్మా. ఇప్పుడు నాకే డౌటొస్తోంది. రెండోదాని వాళ్లు ఎనిమిదింటికి వస్తారు. అట్నుంచటే వైజాగ్ వెళ్లిపోతారు."

రాహేలు అనుమతితో అతిథి కూడా పన్నెండో అంతస్తు చేరింది. "బిట్టూ" అని పిలిస్తే రెండూ వచ్చాయి. పిలవకపోతే రెండూ వెళ్లి మనీప్లాంట్ కుండీ తవ్వాయి. టెర్రియర్లన్నాక తవ్వక మానవు.

"తప్పుదాన్ని ఉంచుకున్నామంటే నా బిడ్డ వైజాగ్ పోతుందండీ" అని రాహేలు ఏడ్చేసింది. ఆమె ఏడుపు చూసి సైమన్‌కు కూడా కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో గడియారం ఏడు కొట్టింది. రోజూ కుటుంబ ప్రార్థన వేళ అది. ఇంకేం చేయాలో తెలియక సైమన్ కళ్లు మూసుకుని, సెలూన్ దగ్గర్నుంచి జరిగిందంతా దేవుడికి విన్నవించుకున్నాడు. ఉమాశ్రీ కూడా తల వంచి నిలబడింది.

"ఆమెన్."

జుట్టున్న కుక్క తవ్వకం ఆపలేదు. జుట్టు తీసిన కుక్క మాత్రం బిస్కెట్ల డబ్బా ముందుకెళ్లి, వెనక కాళ్ల మీద నిలబడి, ముందు కాళ్లు రెండూ జోడించింది. ఐదేళ్లుగా ఆమెన్ తర్వాత బిట్టుకు ఒక మేరీ బిస్కెట్టు ముడుతోంది.

"నా తండ్రీ!" అంటూ రాహేలు దాన్ని ఎత్తుకుంది. డబ్బాలో ఉన్నవన్నీ పెట్టేసింది.

జుట్టున్న కుక్కతో ఉమాశ్రీ, సైమన్ కిందికి దిగితే పెంటయ్య మళ్లీ అడ్డం పడ్డాడు. "బిట్టును గీమెకు ఇచ్చేస్తున్నరా? ఇగ మెహమాన్ ఒక్కటే ఉంటదా ఇంట్ల?" సైమన్ వివరించబోయి, మధ్యలో తనకే అర్థం కాక, అడిగిన చోట సంతకం పెట్టాడు.

పాస్‌లో ఫొటో మార్చాలంటే కమిటీ కూర్చోవాలి, అది వచ్చే నెల. అందాకా రోజూ పొద్దున బిట్టు వాకింగ్ నుంచి రాగానే రాహేలు ఫోను మోగుతుంది: 'మీకు తెలిసిన అతిథేనా?' అవునని నొక్కే ముందు ఆమె ఎందుకైనా మంచిదని బాల్కనీలోంచి ఒకసారి కిందికి చూస్తుంది.