సుబాబుల్ మేసిన మొక్కుపోతు

నా గుండు చూసి పొద్దుట్నించీ షిఫ్టులో ప్రతివాడూ లడ్డూ అడుగుతున్నాడు. తిరుపతీ లేదు, లడ్డూ లేదు. అందరూ కూర్చోండి, ఒక్కసారే చెప్పేస్తాను. పదిమందికి పదిసార్లు సిగ్గుపడే ఓపిక నాకు లేదు.

వన్ టౌన్‌లో మా ఇల్లు మీకు తెలుసుగా. మా నాన్న మూటలు మోసి కట్టిన రెండు గదుల ఇల్లు. రేవులో బొగ్గుగుట్టల వైపు నుంచి గాలి తిరిగిందంటే నల్లదుమ్ము వచ్చి మంచం మీద పడుకుంటుంది, మేం నిలబడాలి. నాకు అలవాటైపోయింది. మా దేముడమ్మకి కాలేదు. మేనమామ కూతుర్ని చేసుకున్నాను, చిన్నప్పుడు చింతచెట్టెక్కి దిగేది. ఇప్పుడు బిందె ఎత్తితే కూర్చోవాలి. మూడేళ్లుగా ఆయాసం.

"మందులు నేనివ్వగలను, గాలి ఇవ్వలేను. ఇల్లు మారండి" అన్నాడు డాక్టరు.

మన కంపెనీ క్వార్టరు కోసం ఫారం తెచ్చాను, సంతకం పెట్టాను, తేదీ వేశాను. తీరా ఇవ్వబోతే మనసొప్పలేదు. నాన్న కట్టిన ఇల్లు, వీధి అరుగు, సందు చివర టీకొట్టు వదిలేసి ఎక్కడికో పోయి బతకాలా? ఫారం ట్రంకుపెట్టెలో పాతచీరల అడుక్కి తోసేసి, ఇంటిదానితో "ఇచ్చీసినాను, వరసలో ఉన్నాం" అన్నాను.

సరిగ్గా అప్పుడు ఇదిగో ఈ అర్జునరావు దొరికాడు. వాళ్ల ఊళ్లో కాగితం మిల్లుకని సుబాబుల్ చెట్లు వేశాడు కదా.

"బావా, ఇత్తనం ఏసి ఎనక్కి తిరిగేసరికి మనిషెత్తు లేస్తాది" అన్నాడు.

దుమ్ముకి అడ్డంగా చెట్లు పెంచేస్తే ఇల్లు మారక్కర్లేదు! నా తెలివికి నేనే మురిసిపోయాను. మర్నాడే సంచెడు విత్తనాలు తెచ్చి పొయ్యి మీద నీళ్లు కాచాను.

"ఏటి బావా, ఇత్తనాలకి టీ కాస్తన్నావా?"

"ఏణ్ణీళ్లు పోసి నానబెడితేనే పైపొట్టు మెత్తబడతాదే."

"పెళ్లయి పదారేళ్లు. నాకొక్కనాడు ఏణ్ణీళ్లు కాసినావా?"

"నీకోసమే కదేటి! ఈ సెట్లు లేస్తే ఒక్క నలుసు లోపలికి రాదు."

"మరి క్వార్టరు?"

"వరసలో ఉన్నాదే!"

పెరటి గోడ పొడవునా మూరకొకటి నాటాను. ఆరునెలలకి గోడ దాటాయి, ఏడాదికి డాబా దాటాయి. వీధివాళ్లందరినీ పిలిచి చూపించాను. ఆ తర్వాత అసలు సంగతి తెలిసింది. అంతకుముందు దుమ్ము ఏరోజుది ఆరోజు వచ్చేది. ఇప్పుడు చెట్లు వారం రోజులు ఆకుల మీద పోగుచేసి, ఒక్క గాలికి మొత్తం మా వంటింట్లో గుమ్మరించేవి.

పైగా కాయలు. ఎండి పేలి విత్తనాలు రాలి, కాలవలో, డాబా బీటల్లో, ఎక్కడబడితే అక్కడ మొలిచేవి. పక్కింటి ముసలమ్మ పిన్ని గోడ మీంచి కేకేసేది.

"తవిటయ్యా! నీ సెట్టు పిల్లలు నా తులసికోటలో కాపురం ఎట్టినాయి. నువ్వొచ్చి తీసుకెళ్తావా, నాను కొడవలి తియ్యాలా?"

కొమ్మ నరికితే నాలుగు లేచేవి. దేముడమ్మ ముక్కుకీ మూతికీ చెంగు బిగించుకుని రోజంతా ఊడ్చేది, ఊడ్చి దగ్గేది. ఆ వేసవిలో రెండుసార్లు ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాను. రెండోసారి పెదాలు నీలంగా తిరిగాయి. ఇంటికొచ్చి ఏం చేశానంటారా? ఇంకో వరస వేద్దామని మళ్లీ విత్తనాలు నానబెట్టాను.

ఆమె నాతో వాదించలేదు. పుట్టింటికి కబురుపెట్టి నల్లటి మేకపోతుని తెప్పించింది.

"అమ్మోరికి మొక్కుకున్నాను బావా."

"ఏటని?"

"తీరక మునుపు మొక్కు సెప్పకూడదు."

ఆయాసం కోసమే అనుకున్నాను. మొక్కుపోతు సంగతి మీకు తెలుసుగా, ఒంటి మీద చిన్న కొరత ఉన్నా అమ్మోరికి పనికిరాదు. ఆమె పూర్ణా మార్కెట్ నుంచి గడ్డి తెప్పిస్తుంటే నాకు ఒళ్లు మండింది. పెరట్లో అడవి పెట్టుకుని గడ్డి కొనడమేమిటి? మూడుపూటలా సుబాబుల్ కొమ్మలే వేశాను.

నెల్లాళ్లు నిగనిగలాడింది. తర్వాత ఒకరోజు వీపు నిమిరితే గుప్పెడు వెంట్రుకలు చేతికొచ్చాయి. అమ్మోరి పండగనాటికి మెడ నుంచి తోక దాకా నున్నగా అయిపోయింది. పశువుల డాక్టరు తిట్టిపోశాడు. "ఆ ఆకు వేరే మేతలో కొంచెం కలిపి పెట్టాలయ్యా! అదే మేపితే జుట్టు రాలదూ?"

అర్జునరావుని నిలదీస్తే, "నాను కాగితం మిల్లుకని సెప్పినాను గానీ మేకకని సెప్పినానా?" అన్నాడు. నవ్వకురా, ఇక్కడే ఉన్నావు కదా!

పోతుకి పసుపు గుడ్డ కప్పి, మెడలో దండేసి నడిపించాను. గుడికి ముప్ఫై మెట్లు. దేముడమ్మ మూడుచోట్ల కూర్చుంది. నేను వెనకాల మేకని పట్టుకుని, గుడ్డ జారకుండా చూసుకుంటూ ఎక్కాను. ఆమె రొప్పు వినిపిస్తూనే ఉంది.

బొట్టు పెడదామని పూజారి గుడ్డ లాగేశాడు.

"ఇదేటయ్యా! మొక్కు జీవాన్నిలాగ సేసినోడెవడు?"

అందరూ నావైపు చూశారు. మేక కూడా చూసింది.

"అమ్మోరు దీన్ని ముట్టదు. బదులుగా నీ జుట్టియ్యి."

కూర్చోబెట్టేశారు. మంగలి సగం తల గీసేశాక పూజారి దేముడమ్మ వైపు తిరిగాడు.

"మొక్కేటమ్మా? తీరినాదా?"

"తీరినాది బాబూ. ఆ దుమ్ములోంచి బయటపడితే పోతునిస్తానని మొక్కినాను. క్వార్టరొచ్చింది. సోమారం మారిపోతన్నాం."

నేను లేవబోయాను. "కదిలితే సెవి తెగుద్ది" అన్నాడు మంగలి.

"ఫారం ఎవులిచ్చినారే?" అని కూర్చునే అరిచాను.

"వరసలో ఉన్నాదన్నావు కదా బావా. పాతసీరల కింద వరసలోనే ఉన్నాది. నానే ఆపీసుకి అట్టుకెళ్లి ఇచ్చినాను. నాలుగుచోట్ల కూకుని ఎల్లాను."

"ఏటయ్యా, ఎల్తన్నావా? అమ్మోరి ముందర సెప్పు" అన్నాడు పూజారి.

తలమీద కత్తి, ఎదురుగా అమ్మోరు, చుట్టూ జనం. "ఎల్తన్నానండి" అన్నాను. ఈ మొత్తం వ్యవహారంలో లాభపడింది ఆ మేకపోతు ఒక్కటే. ప్రాణాలతో బయటపడింది.

దిగేటప్పుడు దేముడమ్మ ఆఖరి మెట్టు మీద కూలబడింది. పక్కన నిలబడ్డాను.

"కోపమొచ్చిందేటే?"

ఊపిరి అందేదాకా ఆగి అంది. "ఫారం మీద తేదీ సూసినాను బావా. రెండేళ్ల కిందటిది. 'అప్పుడే మారుంటే బాగుపడేదానివి, ఇప్పుడింక ముదరకుండా సూడ్డమే' అన్నాడు డాక్టరు. నీకు మీ నాన్న ఇల్లు కావాల, సరే. నా రెండేళ్లు నానెక్కడ తెచ్చుకోవాల?"

ఆటో వస్తే ముందు ఆమెని ఎక్కించి, బోడి మేకపోతుని ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చున్నాను.